రెండు పేపర్లు, ఒకటే ధర్నా

మొన్న నెల్లూరు జిల్లా బుచ్చిలో వడ్ల ధర కోసం రైతులు రోడ్డెక్కారు. పుట్టికి, అంటే మన లెక్కలో 850 కిలోలకి, దళారి చెప్పిన రేటు కోత కూలికే చాలదు. నేనూ వెళ్లాను, ఎండలో గంటసేపు నిలబడ్డాను.

తెల్లారి టీ కొట్లో రెండు పేపర్లూ చూశా. ఒకదాంట్లో జిల్లా మొదటి పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త, 'కదం తొక్కిన రైతన్న'. పార్టీ జెండాలు మధ్యలోకి వచ్చేట్టు కట్ చేసిన ఫోటో. రెండో దాంట్లో లోపలెక్కడో, పెళ్లిరోజు శుభాకాంక్షల ప్రకటన కింద సింగిల్ కాలమ్: 'ధర్నాతో ట్రాఫిక్‌కు అంతరాయం'. వడ్ల రేటు ఎంతన్నది మాత్రం రెండిట్లోనూ లేదు!

తెలిసిన విలేకరిని అడిగితే నవ్వేశాడు. "రేటు కూడా రాసి పంపించా అన్నా. ఏది ఉంచాలో, ఏ పేజీలో పెట్టాలో ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ వాళ్లిష్టం." పాపం, అతనికి వచ్చేది అంతంతమాత్రం. పైగా పండగొస్తే నాయకుల దగ్గర యాడ్స్ పట్టుకురమ్మని టార్గెట్. ఆ నాయకుడి మీద రేపు గట్టిగా ఎలా రాస్తాడు?

1992లో ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, ఆ కబురు ఊరూరా పాకడంలో పత్రికల చేయి కూడా ఉంది. మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది. అప్పుడూ ఎవరి లెక్కలు వాళ్లకుండే ఉంటాయి, కానీ వార్త వార్తలా వచ్చింది.

ఇప్పుడు రెండూ వేయించుకుంటున్నా. ముందు లోపలి సింగిల్ కాలాలే చదువుతా. పేపర్ బిల్లు డబుల్ అయిందని ఇంట్లో రోజూ క్లాసే.