మెదక్ బస్సులో సీతాఫలాల అవ్వ

మెదక్ చర్చి గురించి రాద్దామని కూర్చున్నాను గానీ ముందు బస్సు గురించే రాయాలి. చర్చి ఎక్కడికీ పోదు, నూరేళ్ళుగా అక్కడే ఉంది. ఆ అవ్వ మాటలు మాత్రం చెవిలో మెదులుతుండగానే రాసి పెట్టుకోవాలి.

అక్టోబరులో ఒక శనివారం, పొద్దున ఎనిమిదింటికి సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో మెదక్ బస్సెక్కాను. ఎందుకు పోతున్నావని ఇంట్లో అడిగితే, "పోయిన క్రిస్మస్‌కి వందేళ్ళ పండుగ చూడలేకపోయాను కదా, ఒకసారి పోయొస్తా" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం నా హ్యాండ్‌బ్యాగులో తెల్ల కవరులో ఉంది. ఏడాదికోసారి అలాంటి కవరు ఏదో ఒక చర్చి కానుకల పెట్టెలో వేస్తాను. పేరు రాయను. అందులో ఎప్పుడూ 340 రూపాయలే ఉంటాయి.

బోయినపల్లి, బాలానగర్ దాటేసరికే గంట పట్టింది. దుండిగల్ తర్వాత గాలి ఆడింది. నర్సాపూర్ అడవి వానలకు కడిగినట్టుంది, రోడ్డు పక్కన కోతులు వరస కట్టి కూర్చున్నాయి. నర్సాపూర్‌లో బస్సు కిక్కిరిసిపోయింది. ఆధార్ కార్డులు పట్టుకుని, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కోసం చేతులు చాపుతున్న ఆడవాళ్ళమే ఎక్కువమందిమి. టికెట్ కొన్న మగవాళ్ళు నిలబడి ఉంటే నాకే మొహమాటంగా అనిపించింది.

అక్కడే ఎక్కింది అవ్వ. డెబ్బై ఉంటాయేమో. గంపలో సీతాఫలాలు, పైన పచ్చి ఆకులు కప్పి ఉన్నాయి. నేను కాస్త జరిగి చోటిచ్చాను. కూర్చోగానే గంప కాళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కో కాయనూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తూ, కళ్ళు విచ్చినవి పైకి, గట్టివి కిందికి సర్దడం మొదలుపెట్టింది. ఎంతకిస్తావంటే పది కాయలు నూరంది. మా బోయినపల్లి బండి మీద ఇంతకంటే చిన్నవే నూటయాభై చెప్తారు. పది తీసుకున్నాను. నేనిచ్చిన నోటు మడిచి, రొండిన దోపుకున్న వక్కల సంచిలో పెట్టుకుంది.

కౌడిపల్లి దాటాక గొడవ మొదలైంది. అవ్వ సంచి తీసి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. ఒడిలో గుమ్మరించింది. వక్కలు, తమలపాకు ముక్క, చిల్లర, నా నూరు నోటు ఉన్నాయి. "గీడ రెండు నూర్ల నోటు పెట్టిన. మందులకని పెట్టిన. ఏమాయె?" అంది. సీటు పక్కన ఆమె మీదికి ఒరిగి నిలబడ్డది ఇంటర్ చదివే వయసు కుర్రాడు. అవ్వ తలెత్తి వాడి వంక చూసింది. అంతే. "నువ్వే బిడ్డా, ఇందాకటి సంది నా మీద పడ్తున్నవ్" అనేసింది.

బస్సంతా వాడి వైపు తిరిగింది. ఎవరో "బ్యాగు వెతకండి" అన్నారు. వాడు ఏమీ మాట్లాడలేదు. ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. తెల్లటి జేబుగుడ్డలు అటూ ఇటూ వేలాడుతున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. ఆ జేబుల వైపు నేను చూడలేకపోయాను. కిటికీ వైపు తిరిగాను.

అలాంటిది నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. చూడడం కాదు, చేయించాను.

2003లో సిద్దిపేట వైపు ఒక ఊళ్ళో టీచరుగా చేశాను. ఏడో తరగతి పిల్లల గ్రూప్ ఫొటో కోసం పోగుచేసిన డబ్బు, 340 రూపాయలు, నా టేబులు మీద నుంచి కనబడకుండా పోయింది. ఇంటర్వెల్‌లో గదిలో ఉన్నది ఒకే పిల్ల. వాళ్ళమ్మ బీడీలు చుట్టేది, నాన్న లేడు. ఫొటోకి డబ్బు ఇవ్వనిది కూడా ఆ పిల్లే. ఆ రెండూ కలిపి నేను తీర్పు చెప్పేశాను. అందరి ముందూ సంచి దులపమన్నాను. రెండు నోటుబుక్కులు, సగం పెన్సిలు, కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు కింద పడ్డాయి. ఆ ముక్కలతో ఆడుకునేదేమో, నీటుగా దారంతో కట్ట కట్టి ఉన్నాయి. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి నా ఎదుటే కూతుర్ని కొట్టింది. మూడో రోజు 340 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు.

సంక్రాంతి సెలవుల్లో హ్యాండ్‌బ్యాగు కుట్టించడానికి ఇస్తే, చిరిగిన లైనింగు లోపల నుంచి డబ్బు బయటపడింది. రబ్బరుబ్యాండు వేసిన కట్ట, నేను వేసిన రబ్బరుబ్యాండే.

ఎవరికీ చెప్పలేదు. ఆ వేసవిలో బదిలీ వచ్చింది, దేవుడే తప్పించాడనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ఏ బడిలోనూ గ్రూప్ ఫొటోలో నిలబడలేదు. తలనొప్పి అని సెలవు పెట్టేదాన్ని.

బస్సులో ఏం జరిగిందంటే, కొల్చారం దగ్గర అవ్వ కాళ్ళు చాపబోతే గంప కదిలింది. ఆకుల మడతలో నోటు కనబడింది. ఎప్పుడు అక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు. అవ్వ ఒక్క క్షణం ఆ నోటు వంక చూసింది. చప్పున దాచేసుకున్నా ఎవరూ చూసేవాళ్ళు కాదు, నేను తప్ప. దాచలేదు. నోటు పైకెత్తి అందరికీ కనబడేలా పట్టుకుని, "గీడనే ఉన్నది, నేనే పెట్టి మర్సిన" అని గట్టిగా చెప్పింది. తర్వాత కుర్రాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగి, వాడి చెంప మీద చెయ్యి పెట్టింది. "నిన్ను అనుమానపడ్డ బిడ్డా. నాదే తప్పు. మనసుల పెట్టుకోకు." వాడు "ఏం కాదవ్వా" అన్నాడు. గంపలోంచి బాగా పండిన కాయ తీసి చేతిలో పెట్టింది. వాడు అక్కడే తిన్నాడు. గింజలు కాగితంలో చుట్టుకున్నాడు. మెదక్ వచ్చేసరికి వాడి మార్కుల గురించి, అవ్వ మోకాళ్ళ నొప్పుల గురించి ఇద్దరూ కబుర్లలో పడిపోయారు.

అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. నాకు ఇరవై రెండేళ్ళు చాలలేదు.

మెదక్ బస్టాండు నుంచి చర్చికి ఆటో వాడు యాభై తీసుకున్నాడు. అంత దగ్గరికి అది ఎక్కువే, కానీ బేరమాడే ఓపిక లేదు. చర్చి గురించి చదివేవాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది? 175 అడుగుల గోపురం, తెల్లటి రాయి, 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ. కరువు రోజుల్లో జనం ఆకలికి చస్తుంటే, ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ దొర పని కల్పించి అన్నం పెట్టించడానికి ఈ కట్టడాన్ని ఎత్తుకున్నాడని మా ఇళ్ళలో చెప్పుకుంటారు. మా తాతగారి నాయన ఇక్కడ రాళ్ళు మోశాడని నానమ్మ అంటుండేది. చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా ఏ రాయి ఆయనదో అని వెతికేదాన్ని.

చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్ళాను. చల్లటి నేల. సెల్ఫీలు దిగుతున్న కుటుంబం ఒకటి, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, అంతే. రంగు అద్దాల కిటికీలు మూడున్నాయి కదా, యేసు ఆరోహణం (పరలోకానికి వెళ్ళడం), జననం, సిలువ. ఎప్పుడూ బలిపీఠం మీది ఆరోహణాన్నే చూస్తాను. ఈసారి సిలువ కిటికీ కనబడేచోట కూర్చున్నాను.

ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. నోటికి వచ్చింది యేసు నేర్పిన పరలోక ప్రార్థన ఒక్కటే. "మా ఋణములు క్షమించుము" దగ్గర ఆగిపోయాను. పాపములు అని కాదు, ఋణములు అని ఉంది మన తెలుగు బైబిల్లో. పుట్టినప్పటి నుంచి చెప్తున్న మాట. బ్యాగులో కవరు ఉండగా ఆ మాట చెప్పడం వేరుగా ఉంది.

ప్రతి ఆదివారం ఆరాధనలో పాపపు ఒప్పుకోలు చదువుతాం, పాస్టర్ అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు, ఆమెన్ అంటాం. సండే స్కూలు పిల్లలకు క్షమాపణ గురించి నేనే పాఠం చెప్తాను. అందరికీ ఉందని నమ్మాను, నాకు మాత్రం లేదనుకున్నాను. వినయం అనుకున్నాను దాన్ని. సిలువ మీద "సమాప్తమైనది" అని యేసు అన్నాక కూడా, ఇంకా కొంత బాకీ ఉంది, అది నేను కుమిలి కుమిలి తీర్చాలి అన్నట్టు బతికాను. ఆయన పడ్డది చాలదన్నట్టు. ఆ కిటికీ కింద కూర్చుంటే అది ఎంత పెద్ద మాటో అర్థమై గుండె జల్లుమంది. ఏడ్చాను. కొత్త జంట నా వైపు చూసి పక్కకు వెళ్ళిపోయారు. "ప్రభువా, నువ్వు క్షమించావని నమ్ముతున్నా" అని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పైకి అన్నాను.

అలా అన్నాక వచ్చిన తేలిక ఎలాంటిదో చెప్పడం కష్టం. బరువు దిగింది, కానీ తప్పు చిన్నదైపోలేదు. ఇంకా స్పష్టంగా కనబడింది. ఇన్నేళ్ళూ ఆ తలపు వస్తే నా బాధే కనబడేది, నా నిద్రలేని రాత్రులే కనబడేవి. ఇప్పుడు ఆ పిల్ల కనబడింది. దారంతో కట్టిన తునికాకు ముక్కలు కనబడ్డాయి. నేను ఇంత కుమిలినా ఆ తల్లీకూతుళ్ళకు ఒరిగిందేముంది? ఊరివాళ్ళ లెక్కలో ఆ పిల్ల ఇంకా దొంగే కదా.

బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. యేసును చూడడానికి అతను మేడిచెట్టు ఎక్కడం దగ్గర అందరూ నవ్వుతారు. యేసు ముందు "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. నాలుగంతలు తిరిగి ఇచ్చేస్తానని జక్కయ్య అన్నది ఆ తర్వాత. ఇచ్చేశాకే వస్తానని ఆయన అనలేదు. ఆయన వచ్చాక ఇవ్వకుండా ఇతను ఉండలేకపోయాడు. నేను ఆ రెండింటి మధ్యే ఇరుక్కుపోయాను. క్షమాపణ తీసుకోలేదు, బాకీ తీర్చలేదు.

బయటికి వస్తూ కానుకల పెట్టె దగ్గర ఆగి కవరు తీశాను. అర్పణ తెచ్చినప్పుడు నీ మీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది. నేను అర్పణే వద్దనుకున్నాను. ఈ డబ్బు దేవుడిది కాదు. ఒక బీడీ కార్మికురాలి కూలి. ఇన్నేళ్ళు తప్పు చిరునామాకి పంపాను. కవరు మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం బస్టాండు ఎదుట భోజనం నూట ఇరవై, పప్పు నీళ్ళు, పెరుగు పుల్లగా ఉంది. ఏమీ అనిపించలేదు, అంతా తిన్నాను. అవ్వ కనబడుతుందేమోనని మార్కెట్ వైపు కూడా వెళ్ళి చూశాను. సీతాఫలాల గంపలు చాలా ఉన్నాయి, ఆమె లేదు.

తిరుగు బస్సు కోసం నిలబడి, అప్పట్లో ఆ బడిలో నాతో పనిచేసిన సారుకి ఫోన్ చేశాను. రిటైరై సిద్దిపేటలోనే ఉంటున్నారు. ఆ పిల్ల గురించి అడిగాను. పెళ్ళయి పిల్లలున్నారట, తల్లి మాత్రం అదే ఊళ్ళో ఉందట. "ఇన్నేళ్ళకు ఎందుకు అడుగుతున్నవమ్మా?" అన్నారు. ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. అవ్వ ఆ నోటు పైకెత్తి పట్టుకోవడం గుర్తొచ్చింది.

"సార్, ఆ రోజు డబ్బు ఆ పిల్ల తీయలేదు. నా బ్యాగులోనే ఉంది. నాదే తప్పు" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఆదివారం చర్చి అయినంక రా. సిద్దిపేట బస్టాండుకి నేనొస్తా. ఆ ఊరికి బస్సులు తక్కువ, బండి మీద తీస్కపోత" అన్నారు.