ఐమూలగా ఉన్న గ్యారేజీకి కప్పు ఎంచుకోవడం: నా అనుభవం

మా గ్యారేజీ ముందు వైపు 12 అడుగులు, వెనక వైపు 18 అడుగులు, లోతు 20 అడుగులు. ఎడమ గోడ మూలమట్టానికి సరిగ్గా ఉంది. కుడి గోడ మాత్రం స్థలం హద్దు వెంబడి ఐమూలగా బయటికి పోతుంది. ఆ గోడ అవతల పక్కవాళ్ల స్థలం. గోడలు గట్టివే, పాత కప్పు చెక్క పుచ్చిపోయింది. కప్పు మారిస్తే చాలు కదా అని మొదలుపెట్టాం.

ముందు కొలతలు. ఇలాంటి స్థలానికి నాలుగు పక్కలూ కొలిస్తే సరిపోదు. అవే నాలుగు పొడవులతో మూలలు అటూ ఇటూ జరిగిన ఆకారాలు ఎన్నో వస్తాయి. రెండు ఐమూలలూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలిచాకే ప్లాను కాగితం మీద ఒక్క రకంగా స్థిరపడింది. మాకు ఒకటి దాదాపు 27 అడుగులు, ఇంకొకటి 23 అడుగుల పైచిలుకు వచ్చింది.

శ్లాబు ఆలోచన త్వరగానే పోయింది. మొత్తం 300 చదరపు అడుగులు. 4 అంగుళాల శ్లాబు వేస్తే కాంక్రీటు బరువే దాదాపు 7 టన్నులు. రేకుల కప్పుకని కట్టిన గోడలు, వాటి పునాది అంత బరువు మోస్తాయని ఇంజనీరు చెప్పలేకపోయారు. ఇంకా వాదించడానికేమీ లేదు.

నాకు మొదటినుంచీ ఇష్టమైంది రెండు వాలుల కప్పు. మధ్యలో కొప్పు, అటూ ఇటూ వాలు. చూడ్డానికి అదే అందం. కాగితం మీద గీసి చూశాం. కొప్పు గోడల మీద నుంచి 3 అడుగుల ఎత్తులో లెవెల్‌గా ఉండాలనుకుంటే, ముందు వైపు సగం వెడల్పు 6 అడుగులు కాబట్టి వాలు 27 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. వెనక సగం వెడల్పు 9 అడుగులు, అక్కడ వాలు 18 డిగ్రీలే. అంటే ఒకే రేకు ముందు ఒక కోణంలో, వెనక ఇంకో కోణంలో ఉండాలి. మెలి తిరగాలన్నమాట. గట్టి రేకు అలా తిరగదు. రెండు చివర్లా వాలు ఒకటే ఉంచితే కొప్పు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది. పోనీ 12 అడుగుల వెడల్పు వరకు రెండు వాలులు వేసి, మిగిలిన త్రికోణానికి వేరే చిన్న కప్పు వేద్దామా అంటే, రెండు కప్పులు కలిసే గాడి ఒకటి తయారవుతుంది. ఆకులు చేరేది అక్కడే, కారడం మొదలయ్యేదీ అక్కడే. అందం కోసం ఆ గాడిని ఏళ్ల తరబడి కాపలా కాయడం నాకు ఇష్టం లేదు.

దాంతో ఒకవైపు వాలు దగ్గరికి వచ్చాం. అట్టముక్కలతో గ్యారేజీ నమూనా చేసి, పైన ఇంకో అట్ట పెట్టి చూడటం మొదలుపెట్టాను. వంగని అట్ట మూడు మూలల మీద ఆనగానే నాలుగో మూల ఎత్తు దానంతటదే తేలిపోయింది. మనకు చేతిలో ఉండేది మూడు ఎత్తులే. నాలుగో మూల మన మాట వినదు. దీన్నే మా మేస్త్రీ, "నాలుగు మూలలకీ ఎత్తులు మీరే చెప్పేస్తే రేకు ఒప్పుకోదండీ" అన్నాడు. నా లెక్కంతా సులువైంది ఆ మాటతోనే. ఇంక తేలాల్సింది ఒకటే: వాలు ఎటు?

కుడివైపుకి వాలిస్తే నీళ్లన్నీ పక్కవాళ్ల హద్దు మీదికి పోతాయి. అది వదిలేశాం. ఎడమవైపుకి వాలించడం నిజంగా మంచి ఆలోచనే. నీళ్లు మా స్థలంలోనే పడతాయి, చూరు లెవెల్‌గా ఉంటుంది. కానీ అప్పుడు దూలాలు ముందు నుంచి వెనక్కి 20 అడుగులు పోవాలి, ప్రతి రేకూ ఒక్కో పొడవుతో పై చివర ఐమూలగా కోయాలి, తలుపు పైన గోడ ఒక పక్కకి దిగినట్టు కనిపిస్తుంది. దీని గురించి చాలాసేపు తర్జనభర్జన పడ్డాం.

మిగిలింది ముందూ వెనకా. మా ప్లానులో ముందు గోడ, వెనక గోడ సమాంతరంగా ఉన్నాయి. కాబట్టి వాలు ఆ దిక్కులో ఇస్తే రెండు చివర్లూ లెవెల్‌గానే నిలుస్తాయి. అయితే ముందుకా, వెనక్కా అన్నది చిన్న విషయం కాదు. రేకుల గాళ్లు ఎడమ గోడకి సమాంతరంగా ఉంటాయి, నీళ్లు ఆ గాళ్ల వెంటే పోతాయి. వాలు ముందుకి, అంటే సన్నటి చివరకి ఇస్తే, కుడివైపు త్రికోణం మీద పడ్డ నీళ్లు ముందు చూరు దాకా రాకుండానే ఐమూల అంచు మీదుగా పక్కవాళ్ల వైపు జారిపోతాయి. ఆ త్రికోణం 60 చదరపు అడుగులు, మొత్తం కప్పులో ఐదో వంతు. వాలు వెనక్కి, వెడల్పు చివరకి ఇస్తే ఐమూల అంచు దగ్గర నీళ్లు అంచుకి దూరంగా ప్రవహిస్తాయి. చివరి చుక్క దాకా వెనక గట్టర్‌లోకే, అంటే చూరు కింద నీళ్లు పట్టే కాలువలోకే వస్తుంది. ఇలాంటి ప్లాను ఉన్న ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే: నీళ్లను వెడల్పు వైపుకి పంపండి.

వెనక గోడ 8 అడుగులు, ముందు 10 అడుగులు పెట్టాం. 20 అడుగుల్లో 2 అడుగులు, దాదాపు 6 డిగ్రీలు. రేకు తయారీదారు ఇచ్చిన కనీస వాలు కంటే ఇది ఎక్కువే ఉందో లేదో చూసుకున్నాకే ఖాయం చేశాం. ముందు ఎత్తు పెరగడంతో పైకి జరిగే తలుపుకి చోటూ దొరికింది. దూలాలు ఎడమ గోడ నుంచి కుడి గోడకి, 5 అడుగులకొకటి: 12, 13.5, 15, 16.5, 18 అడుగులు. ఒక్కోటీ అడుగున్నర చొప్పున పెరిగింది, వెల్డర్‌కి లెక్క నోటికొచ్చేసింది. పొడవులు వేరైనా అన్నీ ఒకే సైజు సెక్షన్ వాడాం, 18 అడుగుల దూలానికి ఇంజనీరు చెప్పిన సైజు. అప్పుడే పై అంచులు ఒక తలంలోకి వస్తాయి. రేకులు మధ్యలో అతుకు లేకుండా పూర్తి పొడవు తెప్పించాం. ఐమూల అంచు దగ్గరివి మాత్రం అక్కడే కోయాలి. గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు పడి రేకు పూత పాడవుతుంది, అక్కడి నుంచి తుప్పు పడుతుంది. కత్తెరతో కోయించాను, ఆలస్యమైనా సరే.

గాలి సంగతి ఇంజనీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. తేలిక కప్పుకి భయం బరువు కాదు, పైకి లేచిపోవడం. పెద్ద తలుపు తెరిచి ఉన్నప్పుడు గాలి లోపలికి దూరి కింది నుంచి తోస్తుంది, పైనుంచి వీచే గాలి లాగుతుంది. అందుకే ప్రతి దూలాన్నీ రెండు చివర్లా గోడలోపలి కాంక్రీటు బెల్టుకి బోల్టులతో బిగించాం.

చివరగా గట్టర్. 300 చదరపు అడుగుల మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు 700 లీటర్లు, అన్నీ ఒకే చూరుకి. అందుకని రెండు చివర్లా రెండు డౌన్‌పైపులు పెట్టించి, గట్టర్ బయటి అంచు లోపలి అంచు కంటే కాస్త కిందికి ఉంచమన్నాను. ఆకులు అడ్డుపడి నిండినా నీళ్లు పెరట్లోకి పొర్లుతాయి, గోడలోకి రావు.