పెద్దక్క నోటుపుస్తకం

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మా తెలుగు ఆడవాళ్లలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. అందరికీ పెద్దక్కే. ఆమెది రాజంపేట దగ్గర పల్లెటూరు, నాది కోనసీమ. యాస వేరు, కూరలో కారం పాళ్లు వేరు. అయినా ఈ దేశంలో నాకు దొరికిన మొదటి సొంత మనిషి ఆమే. పోయిన ఆగస్టులో, పనిచేస్తున్న ఇంట్లోనే గుండెపోటుతో పోయింది.

ఆమె సంగతి వస్తే "ఎంత ప్రేమగా చూసేదో" అంటారు అందరూ. నిజమే, కానీ నాకు ఆ మాట చాలదు. ప్రేమగా పలకరించేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. పెద్దక్క ప్రేమ మాత్రం ఆపదలో పనికొచ్చే ప్రేమ.

మేమంతా ఖాదిమ్ వీసా, అంటే ఇంటిపని వీసా మీద వచ్చినవాళ్లం. ఈ వీసాలో అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కఫీల్ (మనల్ని రప్పించుకున్న యజమాని) పేరుమీదే నడుస్తుంది. చెప్పకుండా ఇంట్లోంచి వచ్చేస్తే పరారీ కేసు పెడతారు. ఊళ్లో ఏజెంటు జీతం ఎంతో చెబుతాడు గానీ ఇవేవీ చెప్పడు. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లను గల్ఫ్‌కు ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన ఉంది. అయినా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు వస్తూనే ఉన్నారు.

శుక్రవారం సెలవు దొరికినవాళ్లం కువైట్‌లోనే అబ్బాసియా అనే పేటలో కలిసేవాళ్లం. తలా కొంత వేసుకుని అద్దెకు తీసుకున్న గది ఒకటుంది. కొత్త అమ్మాయి ఎవరైనా వస్తే పెద్దక్క ముందు అన్నం పెట్టేది. తిన్నాక గీతల నోటుపుస్తకం తీసేది. పేరు, పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) నంబరు, కఫీల్ ఫోను, ఊళ్లో ఇంటివాళ్ల ఫోను, ఉంటున్న ఇంటి బ్లాకు, వీధి, ఇంటి నంబరు, అన్నీ రాసుకునేది. చాలామందికి తామున్న ఇల్లు ఎక్కడుందో తెలిసేది కాదు. "నువ్వెక్కడున్నావో నీకే తెలియకపోతే నిన్నెవరు వెతకాలి తల్లీ? వచ్చే వారం ఇంటి నంబరు చూసుకుని రా" అని పంపేది. అరబ్బీలో మొదట నేర్పే మాటలు ఆసుపత్రి, ఎంబసీ, జీతం. వంటింటి మాటలు మీ మామాయే (ఇంటి యజమానురాలే) నేర్పుతుందిలే అనేది.

ఇంటిపనివాళ్ల కోసం కువైట్‌లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఆ తర్వాత కనీస జీతం 60 దినార్లు చేశారు. చదువు ఐదో తరగతితో ఆగిపోయిన పెద్దక్క ఇవన్నీ ఎవరిచేతో చదివించుకుని కంఠతా పట్టింది. పాటించే ఇళ్లు ఎంత తక్కువో ఆమెకు బాగా తెలుసు. అయినా ప్రతి అమ్మాయికీ చెప్పేది, అడగాల్సింది ఏమిటో ముందు తెలియాలి కదా అని.

నా మొదటి ఇంట్లో రంజాన్ నెలంతా తెల్లవారుజామున గానీ పక్క ఎక్కేదాన్ని కాదు. ఇఫ్తార్ వంటలు, రాత్రంతా దివానియాకు (మగవాళ్లు అతిథులతో కూర్చునే గదికి) టీలు, మళ్లీ సహూర్, అంటే తెల్లారకముందు తినే భోజనం. మూడు నెలలుగా జీతం లేదు. పెద్దక్క మా మామాకు ఫోను చేసింది. గొంతు పెంచలేదు. ముందు ఆమె పిల్లల క్షేమం అడిగింది, పండగ శుభాకాంక్షలు చెప్పింది, తర్వాత నా కొడుకు బడి ఫీజు గడువు గురించి చెప్పింది. మూడో రోజున డబ్బు నా చేతిలో పడింది. చట్టం మాట ఎత్తనే లేదు. ఎక్కడ చట్టం చెప్పాలో, ఎక్కడ బిడ్డల మాట చెప్పాలో ఆమెకు తెలుసు.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల జలీబ్, మహబూలా ప్రాంతాలను మూసేశారు. అబ్బాసియా జలీబ్‌లోదే. మే 10 నుంచి 30 దాకా దేశమంతా పూర్తి కర్ఫ్యూ. ఇంకో చోట యజమాని ఇంట్లో ఉన్న పెద్దక్క, పని ముగిశాక రోజూ ఆ నోటుపుస్తకం ముందు పెట్టుకుని వరసగా ఫోన్లు చేసేది. అదే ఏప్రిల్‌లో అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చని ఆమ్నెస్టీ ఇచ్చారు. బయటికి వస్తే పట్టుకుంటారని భయపడి దాక్కున్నవాళ్లకు ఒక్కొక్కరికీ నచ్చచెప్పి పంపించింది. శిబిరాల్లో ఉండి, విమానాలు మొదలయ్యాక వాళ్లు ఇళ్లు చేరారు. వాళ్లలో కొందరు పెద్దక్క కబురు విని ఊళ్లనుంచి ఫోను చేసి ఏడ్చారు.

ఆమె పోయిన రోజు నోటుపుస్తకం తెరిచాం. అందరి పేజీలూ ఉన్నాయి, ఆమె పేజీ లేదు. కొడుకు ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. చివరికి ఆమె పెట్టెలో, డబ్బు పంపిన ఎక్స్ఛేంజి రసీదుల మీద దొరికింది. ఆ ఫోను నేనే చేశాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

తర్వాత పనంతా కాగితాలదే. మరణ ధ్రువపత్రం, ఇంటివాళ్ల సమ్మతి పత్రం, ఎంబసీలో పాస్‌పోర్టు రద్దు, అక్కడినుంచి పంపడానికి అనుమతి, సబా ఆసుపత్రిలో శవం చెడకుండా చేసే ఏర్పాటు, కార్గో. ఏ కాగితం తర్వాత ఏది కావాలో మాకు తెలుసు. అంతకుముందు వేరేవాళ్లు పోయినప్పుడు పెద్దక్క వెంట తిరిగినవాళ్లమే కదా. ఆమె యజమానురాలు, ముసలావిడ, శవపేటిక దగ్గర నిలబడి చాలాసేపు ప్రార్థన చేసింది. పంపే ఖర్చు ఆ ఇంటివాళ్లే పెట్టుకున్నారు. చెన్నైకి విమానంలో, అక్కడినుంచి రోడ్డు మీద ఊరు చేర్చారు.

పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో చేసింది కాబట్టి పద్నాలుగు నెలల జీతం రావాలి. కొడుక్కి ఆ సంగతే తెలియదు. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడు. ఆ ఇంటి పెద్దబ్బాయిని కలిసి, లెక్క రాసిన కాగితం చేతికిచ్చాం. ఆయన చదివి, ఒక్క దినారు తగ్గించకుండా ఎంబసీ ద్వారా పంపాడు.

డబ్బు అందాక కొడుకు ఫోను చేశాడు. "అమ్మ అక్కడ వంట చేస్తాననే చెప్పేది పిన్నీ, ఇంతమంది ఎలా తెలుసు?" అని అడిగాడు. నేను ఒకటి చెబితే పక్కనున్నవాళ్లు ఫోను లాక్కుని ఇంకొకటి చెప్పారు. చాలాసేపు విన్నాడు. ఆ డబ్బులోంచి మా గది అద్దెకు కొంత పంపుతానన్నాడు. వద్దు నాయనా, ముందు ఫీజు కట్టుకో అన్నాం.