వాపు కన్నా ముందు చర్మం సంగతి చూడాలి

గర్భాశయ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసినప్పుడు నా పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులు కూడా తీసి పరీక్షకి పంపారు. తరవాత రేడియేషన్ ఇచ్చారు. క్యాన్సర్ సంగతి అక్కడితో సర్దుకుంది కానీ ఎడమ కాలు మొదలుపెట్టింది. ముందు సాయంత్రాలు చెప్పు పట్టీ బిగుసుకునేది. కాలు ఊరికే బరువనిపించేది, చూస్తే ఏమీ కనబడేది కాదు. తరవాత చీలమండ గుంట పూడిపోయింది, పిక్క నిండింది, చివరికి తొడ దాకా పాకింది. దీన్ని లింఫెడిమా అంటారు. పూర్తిగా నయమయ్యేది కాదు. కానీ అదుపులో పెట్టుకోవచ్చు, నేను పెట్టుకున్నాను. బ్యాంకులో క్యాష్ కౌంటర్ నా ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. అయినా నా పని నేను చేసుకోగలుగుతున్నాను.

ఈ జబ్బు వచ్చినవాళ్లందరి కళ్లూ వాపు మీదే ఉంటాయి. ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, బయటికి కనబడుతోందా అని. నేను అనుభవించి తెలుసుకున్నది ఏమిటంటే, అంతకన్నా ముందు చూసుకోవాల్సింది చర్మాన్ని. ఎందుకో చెప్పాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

సన్నటి రక్తనాళాల్లోంచి బయటికి ఊరిన ద్రవాన్ని, అందులోని ప్రొటీన్లని మళ్లీ రక్తంలో కలిపేవి లింఫ్ నాళాలు. రోజూ లీటర్ల కొద్దీ ద్రవం ఈ దారిన వెళుతుంది. దీన్ని నెట్టడానికి గుండె లాంటి పంపు ఏదీ లేదు. నాళాల గోడలే కాస్త కాస్త బిగుసుకుంటూ పైకి పంపుతాయి, లోపలి కవాటాలు వెనక్కి జారనివ్వవు. కండరాలు కదిలినప్పుడు, ఊపిరి నిండా పీల్చినప్పుడు ప్రవాహం పుంజుకుంటుంది. ఈ నాళాల దారిలో ఉండే గ్రంథులు తీసేస్తేనో, రేడియేషన్‌కి అక్కడ గట్టిపడిపోతేనో పైకి వెళ్లాల్సింది కిందే ఆగిపోతుంది. అలా ఆగింది ఉత్త నీరు కాదు, ప్రొటీన్లున్న ద్రవం. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చర్మం మందమవుతుంది, కింద కొవ్వు పేరుకుంటుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు ఈ వాపుకి పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. నీరు పోయినా ప్రొటీన్ అక్కడే ఉంటుంది. బీపీకో గుండెకో డాక్టర్ రాసి ఉంటే మాత్రం సొంతంగా మానేయకూడదు, అది వేరే సంగతి.

ఇక చర్మం విషయం. సూక్ష్మజీవులతో పోరాడే కణాలు తిరిగేది కూడా ఈ లింఫ్ దారుల్లోనే. దారి దెబ్బతిన్న కాలికి చిన్న గీత పడినా శరీరం వెంటనే దాన్ని కాచుకోలేదు. ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. వచ్చిందంటే మిగిలి ఉన్న నాళాలు కూడా పాడవుతాయి, దాంతో వాపు పెరుగుతుంది. పెరిగిన వాపు మళ్లీ ఇన్ఫెక్షన్‌కి చోటిస్తుంది. ఈ చక్రంలో మన చేతిలో ఉన్నది ఒక్కటే, సూక్ష్మజీవి లోపలికి వచ్చే తలుపు మూసి ఉంచడం.

నాకు సెల్యులైటిస్ (చర్మానికీ దాని కింది పొరలకీ వచ్చే ఇన్ఫెక్షన్) వచ్చిన రాత్రి కాలు మామూలుగానే ఉంది. ముందొచ్చింది చలి. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేంత వణుకు. ఫ్లూ అనుకున్నాం. తెల్లవారేసరికి పిక్క మీద అరచేయంత మేర ఎర్రబడి, చెయ్యి పెడితే వేడి కొడుతోంది. మా అమ్మాయి ఆ ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్‌తో గీత గీసింది. ఆస్పత్రికి చేరేలోపే ఎరుపు గీత దాటిపోయింది. సెలైన్‌తోపాటు యాంటీబయాటిక్ ఎక్కించారు. అక్కడి డాక్టరమ్మ టార్చి తెప్పించుకుని నా కాలి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూశారు. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, నడుమ దారం మందాన చీలిక ఉంది. ఫంగస్. "ఇదమ్మా, ఇక్కణ్నుంచే వచ్చింది," అన్నారు. అసలు వేళ్ల సందులు చూసుకోవాలని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఆ జ్వరం తగ్గింది గానీ కాలి కొలత మాత్రం పాత అంకెకి ఎప్పుడూ దిగలేదు. ఒక్క ఇన్ఫెక్షన్ అంత పని చేస్తుంది.

అందుకే ఇప్పుడు నా రాత్రి పని ఇలా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు. నీళ్ల వేడి మాత్రం చేత్తోనే చూస్తాను, కాలితో కాదు. ఆపరేషన్ తరవాత తొడ లోపలి వైపు నాకు స్పర్శ సరిగా తెలియదు. కడిగాక తుడవడం అసలు పని. మెత్తటి పల్చని గుడ్డ మూలని ప్రతి సందులోకీ దూర్చి అద్దుతాను, రుద్దను. కుర్చీలో కూర్చుని, పాదం రెండో మోకాలి మీద పెట్టుకుని, లైటు కింద వేళ్లు విడదీసి చూస్తాను. అరికాలు, మడమ కనబడకపోతే అద్దం పెట్టుకుంటాను. తెల్లగా నానినట్టుందా, పొలుసు లేస్తోందా, మడమ పగులు లోపల ఎర్రగా ఉందా అని. ఫంగస్ ఆనవాలు కనిపిస్తే ఆ రోజే క్రీము మొదలుపెడతాను, డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడతాను. చూడ్డానికి తగ్గినట్టుంటే ఆపేయాలనిపిస్తుంది, ఆపకూడదు.

ఆ తరవాత వాసన లేని మాయిశ్చరైజర్. పాదం నుంచి తొడ దాకా రాస్తాను, వేళ్ల సందుల్లో మాత్రం రాయను, అక్కడ తడి నిలవకూడదు. పొడిబారిన చర్మం కంటికి కనబడని పగుళ్లు వేస్తుంది, దాన్ని మెత్తగా ఉంచడమే సగం రక్షణ. ఇది రాత్రే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొద్దున్నే రాస్తే, వాపు పెరగకుండా కాలిని బిగించి ఉంచే కంప్రెషన్ స్టాకింగ్ జారదు, ఎక్కదు, ప్రాణం తీస్తుంది.

గోళ్లు స్నానం అయ్యాక, మెత్తబడ్డప్పుడు, అడ్డంగా తిన్నగా కత్తిరిస్తాను. మూలల్లోకి లోతుగా వెళ్లను, గోరు చుట్టూ ఉన్న చర్మం ముట్టుకోను. ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవను. కాళ్ల మీద వెంట్రుకలు తీయాలంటే బ్లేడు బదులు ఎలక్ట్రిక్ షేవరు. దోమ కుట్టే చోట నిండా కప్పుకోవడం, రిపెల్లెంట్ రాసుకోవడం. గీత పడితే సబ్బునీళ్లతో కడిగి, యాంటీసెప్టిక్ రాసి, శుభ్రమైన ప్లాస్టరు. ఇవన్నీ చేతి లింఫెడిమా ఉన్నవాళ్లకి కూడా అంతే, వాళ్లు గిన్నెలు తోమేటప్పుడూ మొక్కల పనిలోనూ గ్లోవ్స్ వేసుకోవాలి. ఫైలేరియా వల్ల వచ్చే బోదకాలుకైనా ఇంటి దగ్గర చేసుకునే సంరక్షణ సబ్బు, నీళ్లు, శుభ్రంగా తుడవడంతోనే మొదలవుతుంది.

ఇంత చూసుకున్నా కొందరికి ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. వాళ్లు డాక్టర్‌ని ఒక మాట అడగాలి. కాలికి సెల్యులైటిస్ పదేపదే వచ్చినవాళ్లకి ఏడాదిపాటు రోజుకి రెండుసార్లు తక్కువ మోతాదు పెన్సిలిన్ ఇచ్చి చూసిన పరిశోధన 2013లో వచ్చింది. ఆ ఏడాదిలో మందు తీసుకున్నవాళ్లలో 22 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 37 శాతం మందికి మళ్లీ వచ్చింది. మందు ఆపాక ఆ రక్షణ నిలవలేదు. అందుకే మందుతోపాటు పాదాల సంరక్షణ వదలకూడదని నా నమ్మకం. నేను ప్రయాణాలకి వెళ్లేటప్పుడు డాక్టర్ ముందే రాసిచ్చిన యాంటీబయాటిక్ కోర్సు బ్యాగులో ఉంటుంది. చలి, జ్వరం, ఎరుపు మొదలైతే ఏం చేయాలో ఆవిడే రాసిచ్చారు. ఆ లక్షణాలతో తెల్లారనిద్దాం అని కూర్చోకూడదు.

స్టాకింగ్ గురించి చాలామంది అడుగుతారు, వేడి, దురద, అది లేకుండా కుదరదా అని. నాకు కుదరదు. దాని పని వాపుని ఆపడం ఒక్కటే కాదు. కాళ్లలో దీర్ఘకాలంగా వాపు ఉండి, సెల్యులైటిస్ మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్ల మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. కంప్రెషన్ వాడినవాళ్లలో 15 శాతం మందికి, వాడకుండా సలహాలు మాత్రమే విన్నవాళ్లలో 40 శాతం మందికి ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధన మధ్యలోనే ఆపేశారు. ఇది చదివాక నాకు స్టాకింగ్ మీద విసుగు పోయింది.

అయితే కొలత తీసి ఇచ్చినదే వేసుకోవాలి. ఎంత బిగుతుండాలో లింఫెడిమా చికిత్సలో శిక్షణ ఉన్న థెరపిస్ట్ చెప్పాలి. కాలికి రక్తం సరిగా అందనివాళ్లకి బిగుతు ప్రమాదం, అది ముందే పరీక్షించాలి. నేను మంచం దిగగానే, వాపు తక్కువ ఉన్నప్పుడే వేసేసుకుంటాను. మడమ దాకా లోపలిది బయటికి తిప్పి, పాదం దూర్చి, రబ్బరు గ్లోవ్స్ వేసుకున్న అరచేతులతో బట్టని కొద్దికొద్దిగా పైకి సర్దుతాను. పై అంచు పట్టుకుని లాగితే చిరుగుతుంది. మోకాలి వెనక ముడత ఉండకూడదు, ఉంటే సాయంత్రానికి అక్కడ తాడు కట్టినట్టు గాడి పడి కింద వాపు ఊరుతుంది. పై అంచు మడవకూడదు. పడుకునేముందు తీసేసి ఉతుకుతాను, సబ్బూ చెమటా మిగలకుండా. మెత్తదనం కోసం వాడే ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ దానికి పడదు. రెండు జతలు మార్చి మార్చి వాడినా దాదాపు ఆరు నెలలకి సాగిపోతాయి. వేసుకోవడం సులువైపోయిందంటే దాని పని అయిపోయిందన్నమాట.

మసాజ్ మాటకొస్తే, నూనె పెట్టి గట్టిగా పిసికితే నీరు దిగిపోతుందని ప్రేమ కొద్దీ చెప్పేవాళ్లు ఉంటారు. లింఫ్ నాళాలు చర్మానికి కొంచెం కిందే ఉంటాయి, చర్మం కదిలేంత తేలికైన ఒత్తిడి చాలు. శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మసాజ్ వద్దు.

కదలికకి నేను చాలా విలువిస్తాను. కౌంటర్‌లో రద్దీ ఉన్నా బల్ల కింద పాదాలు ఆడిస్తూనే ఉంటాను. మడమ నేల మీద, వేళ్లు పైకి. వేళ్లు నేల మీద, మడమ పైకి. పిక్క బిగుసుకుని వదులవడం తెలుస్తుంది. మధ్యలో పొట్ట నిండా నాలుగు ఊపిర్లు. జనం తగ్గగానే లేచి నిలబడతాను. స్టాకింగ్ వేసుకునే నడుస్తాను, వేసుకునే కసరత్తు చేస్తాను. వాపున్నవాళ్లు బరువులెత్తకూడదని వెనకటికి గట్టిగా చెప్పేవారు. 2009లో రొమ్ము క్యాన్సర్ తరవాత చేతికి లింఫెడిమా వచ్చిన 141 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో, మెల్లమెల్లగా బరువు పెంచుతూ వ్యాయామం చేసినవాళ్లకి వాపు పెరగలేదు. పైగా వాపు ఉన్నట్టుండి ఎక్కువవడం చేయనివాళ్లకన్నా తగ్గింది. అది చేతుల మీద చేసింది, నేను మాత్రం దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని కాలికి కూడా తేలికపాటి బరువులతో మొదలుపెట్టాను, ఫిజియోథెరపిస్ట్ పక్కన ఉండగానే. మర్నాడు కాలు బరువెక్కితే ఒక మెట్టు దిగుతాను.

ఒంటి బరువు గురించి ఎక్కువ చెప్పను. పెరిగితే లింఫ్ దారుల మీద భారం పెరుగుతుంది, ఇది నిజం. కానీ వాపు వచ్చిన మనిషిని తిండి గురించి నిలదీయడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ఆపరేషన్ జరగబోతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందే రెండు కాళ్ల కొలతలు (చేతి వైపు గ్రంథులు తీస్తుంటే చేతులవి) తీయించి రాసిపెట్టుకోండి. తరవాత పోల్చుకోవడానికి అవే ఆధారం. అవే చోట్ల, అదే సమయానికి టేపు పెట్టాలి. వాపు ఆపరేషన్ అయిన ఏళ్లకి కూడా రావచ్చు. కనబడకముందే బరువు, బిగుతు, చెప్పులో తేడా తెలుస్తాయి, ఆ దశలోనే థెరపిస్ట్ దగ్గరికి వెళితే చాలావరకు అక్కడే ఆపవచ్చు. కాలి బొటనవేలి పక్క వేలు మొదట్లో చర్మాన్ని గిల్లి చూడండి. మడత లేవనంత మందంగా ఉంటే అది లింఫెడిమాకి గట్టి గుర్తు, లేచినంత మాత్రాన లేదని మాత్రం అనుకోకూడదు.

వాపు ఉన్నట్టుండి పెరిగినా, నొప్పితో వచ్చినా, ఆయాసం తోడైనా దాన్ని పాత వాపు ఖాతాలో వేయకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రక్తనాళంలో గడ్డ కట్టిందేమో, క్యాన్సర్ తిరగబెట్టిందేమో ముందు తేల్చాలి. అవి కాదని తేలాకే స్టాకింగ్ గురించీ మసాజ్ గురించీ మాట్లాడుకోవాలి.