మొరం మీద పరిచిన బూడిద: ప్రీస్ట్ లేక్ అడవుల్లో నేలను చూసిన యాత్ర

అమెరికాలోని ఐడహో రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దుకు దగ్గరలో, సెల్కిర్క్ పర్వతాల పడమటి పాదాన ప్రీస్ట్ లేక్ అనే పొడవాటి సరస్సు ఉంది. పక్క రాష్ట్రమైన వాషింగ్టన్‌లోని స్పోకేన్ నగరంలో స్థిరపడిన మా పిన్ని కొడుకు ఇంటికి ఆగస్టులో వెళ్ళినప్పుడు, అక్కడికి రెండు గంటల ప్రయాణమే కనుక, ఆ అడవులను చూడాలని అడిగాను. చాలామంది ఆ సరస్సుకు పడవల కోసం, హకల్‌బెర్రీ పళ్ళ కోసం వెళ్తారు. నాకు మాత్రం ఆ కొండల మీది నేలను చూడాలని ఉండేది. గ్రానైట్ అరిగి ఏర్పడిన ఇసుక నేలలో, అంటే చెల్క భూమిలో పుట్టి పెరిగి, వ్యవసాయ కళాశాలలో నేలల గురించి చదువుకున్నవాణ్ణి కనుక, గ్రానైట్ కొండల మీద అంత దట్టమైన అడవి ఎలా నిలబడిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతూ ఉంది.

గ్రానైట్ అరిగితే ఏమవుతుందో తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పలుగురాయి రేణువులు ఇసుకగా మిగులుతాయి, ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టిగా మారుతుంది, అభ్రకం పొరలు తళుక్కుమంటాయి. నేల తేలికగా దున్నబడుతుంది కానీ వాన వెలిసిన నాలుగు రోజులకే పైరు వాడుముఖం పడుతుంది. చలి ప్రదేశాల్లో ఈ మార్పు ఇంకా నెమ్మదిగా సాగుతుంది కాబట్టి బంకమట్టి మరీ తక్కువగా ఏర్పడుతుంది. ప్రీస్ట్ లేక్ ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం చలికాలంలో మంచుగానో వానగానో పడిపోతుంది. చెట్లు ఎదిగే జూలై, ఆగస్టు నెలల్లో చినుకు పడటమే అరుదు. నీటిని నిలుపుకోలేని ఇసుక నేల, పైగా ఎండాకాలపు కరువు. ఈ రెండూ కలిసిన చోట నీటిని ప్రేమించే రెడ్ సెడార్, వెస్టర్న్ హెమ్లాక్ చెట్లు గుంపులుగా పెరగడానికి గ్రానైట్ ఒక్కటే కారణం కాజాలదు.

ఆ కారణాన్ని కళ్ళతో చూపించినవారు, నేలల మీద పనిచేసి విరమణ పొందిన ఒక శాస్త్రవేత్త. మా తమ్ముడికి ఆయన ఇంటిపక్కవారు. సరస్సు తూర్పు గట్టున ఇండియన్ క్రీక్ దాటి కొండ ఎక్కే మట్టిబాట పక్కన, బాట కోసం తవ్వగా తేలిన గోడలాంటి కోత దగ్గర కారు ఆపి, చిన్న తాపీతో దాని ముఖాన్ని శుభ్రంగా గీకారు. పైన నాలుగు వేళ్ళ మందాన సూదుల్లాంటి ఆకులు, కుళ్ళిన కట్టె. దాని కింద ఒకటిన్నర జానల మేర, రాయన్నదే లేని, ఎరుపు కలిసిన గోధుమరంగు మెత్తని మట్టి. ఆ తరువాత, తాడు పట్టి గీసినట్టు రంగు మారిపోయి, బూడిదవన్నె ఇసుకా గులకరాళ్ళూ మొదలయ్యాయి. ఆ అడుగు పొరను చేతిలోకి తీసుకుంటే అచ్చంగా మా ఊరి మొరం. పైపొరకు మాత్రం ఆ రాతితో బంధుత్వమే లేదు. అది 750 కిలోమీటర్ల అవతలి నుంచి గాలిలో వచ్చింది.

ఒరెగాన్ రాష్ట్రంలో మజామా అనే అగ్నిపర్వతం సుమారు 7,700 ఏళ్ళ కిందట బద్దలై, తన శిఖరాన్ని తానే మింగి కూలిపోయింది. ఆ గుంటలో నిండిన నీరే నేటి క్రేటర్ లేక్, దాని లోతు 594 మీటర్లు. అప్పుడు ఎగసిన బూడిద ఈశాన్య దిక్కుగా కొట్టుకొచ్చి ఈ పర్వతాలన్నిటినీ కప్పింది. దాని జాడ గ్రీన్‌లాండ్ మంచుపొరల్లో కూడా దొరికింది. అంతకు కొన్నివేల ఏళ్ళ ముందే ఇక్కడి లోయను నింపిన హిమఖండం కరిగి, గ్రానైట్‌ను నూరి తెచ్చిన ఇసుకనూ రాళ్ళనూ వదిలి వెనుదిరిగింది. అంటే బూడిద పడింది ఇంకా లేత నేల మీద. నిటారు వాలుల నుంచి, ఎండ ఎక్కువగా తగిలే దక్షిణపు ముఖాల నుంచి అది చాలావరకు కొట్టుకుపోయింది. నీడగా ఉండే ఉత్తరపు వాలుల మీద, చెట్లు పట్టి ఉంచిన చోట, జానెడు నుంచి మూరెడు దాకా నేటికీ మిగిలింది.

ఆ మట్టిని చేతిలోకి తీసుకోగానే మొదట తెలిసేది దాని తేలికదనం. గ్రానైట్ ఇసుక నేల ఎండినది ఒక లీటరు పరిమాణం తూస్తే దాదాపు కిలోన్నర ఉంటుంది. ఈ బూడిద నేల సాధారణంగా 900 గ్రాములకు మించదు. కారణం దాని పుట్టుకలో ఉంది. పేలుడులో కరిగిన రాయి గాలిలోనే గడ్డకట్టి, నురుగులాంటి గాజు రేణువులుగా మారుతుంది. రేణువుల మధ్యనే కాక, రేణువుల లోపల కూడా ఖాళీలుంటాయి. ఈ గాజు, స్ఫటికాల కన్నా త్వరగా కరిగి, అల్లోఫేన్ వంటి అతిసూక్ష్మ ఖనిజాలుగా మారుతుంది. అందుకే ఆ మట్టిని తడిపి వేళ్ళ మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడదు, బంకమట్టిలా అంటుకోదు, జారుతూ పూతలా పరుచుకుంటుంది. చలికాలపు మంచు కరిగిన నీటిని ఇది పీల్చుకుని, వేసవి పొడుగునా వేళ్ళకు కొద్దికొద్దిగా అందిస్తుంది. ఆగస్టు ఎండలో బాట మీద దుమ్ము లేస్తుంటే, ఆ కోతలో జానెడు లోపలి మట్టి చల్లగా, చెమ్మగా తగిలింది.

ఆయన ఒక చిన్న పరీక్ష కూడా చేసి చూపారు. క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాల్ఫ్‌తలీన్ పట్టించిన కాగితం మీద చిటికెడు పైమట్టి ఉంచి, సోడియం ఫ్లోరైడ్ ద్రావణం చుక్కలు వేయగా చూస్తుండగానే కాగితం ముదురు గులాబీ రంగుకు తిరిగింది. ఫ్లోరైడ్ వెళ్ళి అల్లోఫేన్ వంటి ఖనిజాల్లోని అల్యూమినియాన్ని పట్టుకోగా విడుదలైన క్షారగుణం అది. అడుగునున్న గ్రానైట్ ఇసుకతో అదే పరీక్ష చేస్తే కాగితం రంగు మారలేదు. అయితే చురుకైన ఈ అల్యూమినియం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. భాస్వరాన్ని అది గట్టిగా పట్టేసి చెట్టుకు అంత సులువుగా వదలదు. వేళ్ళతో కలిసి జీవించే శిలీంధ్రాల తోడు లేకపోతే ఇక్కడి చెట్లకు భాస్వరం అందడం కష్టమే. నత్రజని దాదాపుగా పైనున్న ఆకుల పొరలోనే ఉంటుంది, పొటాషియాన్ని మాత్రం అడుగునున్న గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్, అభ్రకం నిదానంగా అందిస్తాయి. పైపొర నీళ్ళిస్తే కిందిపొర నీటి పారుదలను, ఖనిజాలను సమకూరుస్తుందన్నమాట.

నాకు ఆ క్షణంలో మా చెరువు మట్టి గుర్తుకు వచ్చింది. వేసవిలో చెరువు ఎండినప్పుడు పూడిక తీసి బండ్ల మీద చెల్కలకు తోలడం మా తాతల నాటి పని. 2015లో మొదలైన తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ ట్రాక్టర్లతో జరిగింది అదే. గ్రానైట్ నేల మీద నీటిని పట్టే మరో మట్టిని పరచడం. మనిషి ఏళ్ళ తరబడి మోసి చేసే ఆ పనిని ఇక్కడ ఒక అగ్నిపర్వతం చేసిపెట్టింది. అగ్నిపర్వతపు బూడిద మనకూ కొత్త కాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర సుమత్రాలోని టోబా పేలుడు బూడిద సుమారు 74,000 ఏళ్ళుగా పొరగా నిలిచి ఉంది. కానీ అది లోయలో పూడుకుపోయిన నిక్షేపం, ఇక్కడిది చెట్లు నిత్యం బతుకుతున్న నేల.

మర్నాడు నార్డ్‌మన్ అనే ఊరి మీదుగా వాషింగ్టన్ రాష్ట్రంలోకి దాటి, రూజ్‌వెల్ట్ గ్రోవ్ అనే పురాతన సెడార్ల వనానికి వెళ్ళాము. పక్కనే గ్రానైట్ ఫాల్స్ జలపాతం నున్నని రాతి మీదుగా జారుతుంటుంది. వందల ఏళ్ళ వయసున్న ఆ చెట్లను గూర్చి చాలా చెప్పవచ్చు గానీ, నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గాలికి కూలిన ఒక మాను. దాని వేళ్ళ చక్రం నా తలకన్నా ఎత్తుగా లేచి ఉంది. వేళ్ళు దాదాపు అన్నీ గోధుమరంగు బూడిద పొరలోనే పక్కలకు అల్లుకుని ఉన్నాయి, రాళ్ళలోకి దిగినవి కొన్నే. ఇలా కూలిన ప్రతి మాను అడుగు రాళ్ళను పైకి తెచ్చి బూడిదతో కలుపుతుంది. అందుకే అడవిలో అన్నిచోట్లా ఆ గీత స్పష్టంగా ఉండదు.

తిరుగు దారిలో, కలప కొట్టిన ఒక వాలు దగ్గర ఆగాము. యంత్రాలతో దుంగలు లాగిన పాత బాట ఇంకా స్పష్టంగా కనబడుతున్నది. ఆయన ఇనుప చువ్వను అడవి నేలలో గుచ్చితే పిడి దాకా దిగింది, బాట మీద గుచ్చితే రెండు వేళ్ళ లోతులోనే ఆగిపోయింది. తేలికగా, గుల్లగా ఉండటమే ఈ నేల బలం, బలహీనత కూడా. తడిగా ఉన్నప్పుడు బరువు పడితే లోపలి ఖాళీలు నలిగిపోతాయి. అవి తిరిగి తెరుచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఆకుల పొర చెక్కుకుపోతే బూడిద నీటికి, గాలికి సులువుగా లేచిపోతుంది, అప్పుడు మిగిలేది మొరమే. 1980 మే 18న వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడు స్పోకేన్‌లో పట్టపగలే చీకటి కమ్మినా, ఈ కొండల మీద పడింది పలుచని పొర మాత్రమే. పోయినదాన్ని పూడ్చడానికి అది ఏ మూలకూ చాలదు. మేకలు తొక్కితేనే గట్టిపడే చెల్కలను చూసినవాణ్ణి కనుక, ఆ బాట మీద నిలబడితే నాకు నిజంగా బాధ కలిగింది.

ఇప్పుడు నేల గడ్డకట్టి మంచు కప్పిన కాలంలోనే దుంగలు లాగడం, యంత్రం నడిచే దారిలో ముందుగా కొమ్మలు మందంగా పరచడం వంటి జాగ్రత్తలు చాలాచోట్ల తీసుకుంటున్నారు. మేము చూసిన బాటను కూడా మూసివేశారు. తూములు తీసివేసి, నీరు ఒకేచోట పారకుండా అడ్డంగా గట్లు వేసి, నరికిన కొమ్మలను నేల మీద కప్పారు. వాటి సందుల్లోంచి ఆల్డర్ మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. వాటి వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తాయి కాబట్టి, అటువంటి చోట ముందుగా వాటిని పెరగనివ్వడమే మేలని ఆయన అభిప్రాయం.