అయస్కాంతానికి అంటుకోని బిళ్ల

మన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినవాళ్లలో చాలామందికి మెజర్‌మెంట్స్ ల్యాబ్ అనగానే రికార్డు మీద సంతకం కోసం తిరిగిన తిరుగుడే గుర్తొస్తుంది. నాకు మాత్రం మూత తీసిపెట్టిన పాత ఇంటి మీటరు గుర్తొస్తుంది. లోపల అల్యూమినియం బిళ్ల, దాని అంచును నోట కరుచుకున్నట్టు ఒక శాశ్వత అయస్కాంతం.

“అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు గదా, మరి ఇదెందుకురా ఇక్కడ?” అన్నారు సార్.

“కదలకుండా పట్టుకోడానికి సార్,” అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.

“మరి తిరుగుతోందిగా!”

జవాబు చెప్పకుండా బిళ్లను వేలితో తిప్పమన్నారు. తిప్పి వదలగానే చటుక్కున ఆగింది. అయస్కాంతం ఊడదీసి తిప్పితే చాలాసేపు తిరిగింది. అప్పుడు బోర్డు దగ్గరికి నడిచారు. అయస్కాంత క్షేత్రంలో లోహపు పలక కదిలితే పలకలోనే వలయాలుగా కరెంటు పుడుతుంది, వేరే తీగ అక్కర్లేదు. ఆ సుడి ప్రవాహాలు (ఎడ్డీ కరెంట్లు) తమను పుట్టించిన కదలికకే అడ్డు తగులుతాయి. ఇదే చెప్పే లెంజ్ నియమం మాకు అంతకుముందే కంఠతా వచ్చు, అర్థమైంది మాత్రం ఆ రోజే. రాగి పలక తిరుగుతుంటే దానిపైన వేలాడే అయస్కాంత సూది కూడా తిరగడం ఫ్రెంచి శాస్త్రవేత్త అరాగో 1824లోనే గమనించాడట. కారణం 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే మారే అయస్కాంత క్షేత్రం కరెంటు పుట్టించడాన్ని, కనిపెట్టాక గానీ తేలలేదు.

మీటరులో తమాషా ఏమిటంటే, బిళ్లను తిప్పేవీ సుడి ప్రవాహాలే, పట్టి ఆపేవీ అవే. వోల్టేజి కాయిలు, కరెంటు కాయిలు కలిసి తిప్పుతాయి. వేగం పెరిగినకొద్దీ అయస్కాంతం దగ్గర అడ్డు పెరుగుతుంది. రెండూ సరితూగిన చోట, వాడే పవరుకు తగిన వేగంలో బిళ్ల నిలకడగా తిరుగుతుంది. అయస్కాంతాన్ని కాస్త అంచువైపు జరిపితే మీటరు నెమ్మదిస్తుంది. బిళ్లలో ఎదురెదురుగా ఉండే రెండు చిల్లులు, లోడు లేనప్పుడు అది తనంతట తాను పాకకుండా ఆపడానికి.

తర్వాత నేను పనిచేసిన ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షెడ్డులో ఈ కరెంట్ల వల్ల మేలేమీ లేదు, వేడి తప్ప. అందుకే కాయిళ్ల నడుమ ఉండే కోరును ముద్ద ఇనుముతో చెయ్యరు. ఇన్సులేషన్ పూత ఉన్న పలచని సిలికాన్ స్టీలు స్టాంపింగులు, అంటే కత్తిరించిన రేకులు, పేరుస్తారు. రేకు మందం సగమైతే ఎడ్డీ నష్టం నాలుగోవంతుకు పడిపోతుంది. కొత్త కుర్రాళ్లు వాటిని ఇనప సుత్తితో బాది సర్దుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. పూత రాలి రేకులు ఒకదానికొకటి తగిలాయా, లోడు లేకుండానే కోరు కాగుతుంది.

రిటైరయ్యాక ఈ పాఠం వంటింట్లోనూ చెప్పాల్సొచ్చింది. ఇండక్షన్ స్టవ్వు మీద అల్యూమినియం కుక్కరు ఎందుకు వేడెక్కదని మా ఆవిడ అడిగింది. దాన్లోనూ సుడులు పుడతాయి గానీ నిరోధం మరీ తక్కువ, అందుకే చాలినంత వేడి రాదు, స్టవ్వు గిన్నె లేదనుకుని ఆగిపోతుంది అని వివరంగా చెప్పాను. అంతా విని, “అయితే స్టీలు కుక్కరు ఎప్పుడు తెస్తారు?” అంది.