ఉండాలా, విడిపోవాలా: 2014 సెప్టెంబర్‌లో స్కాట్లాండ్ తిరిగినప్పుడు

అప్పుడు నేను ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఉద్యోగం చేస్తున్నా. అక్కణ్ణుంచి ఎడిన్‌బరాకి రైల్లో గంటన్నర. 2014 సెప్టెంబర్ 18 గురువారం స్కాట్లాండ్‌లో రిఫరెండం, 1707 నుంచి ఇంగ్లండ్‌తో కలిసి ఒకే పార్లమెంటు కింద ఉన్న దేశం ఇంకా అలాగే ఉండాలా లేక విడిపోవాలా అని నేరుగా జనాన్నే అడుగుతున్నారు, ఇంత దగ్గర్లో ఉండి కూడా చూడకపోతే ఎలా అని లీవ్ పెట్టేసి బయల్దేరా. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్రం రెండైంది, కాబట్టి విడిపోవడం కలిసుండటం అనే మాటలు నాకు మామూలు న్యూస్‌లా వినబడే పరిస్థితి లేదు.

ఓటు ఎవరికుంది అనే దగ్గరే నాకు మొదటి ఆశ్చర్యం. ఆఫీసులో నా పక్క సీటతను స్కాట్లాండ్‌లోని పెర్త్‌లో పుట్టి పెరిగినవాడు, మాటలో యాస కూడా పోలేదు, కానీ ఇంగ్లండ్‌లో ఉంటున్నాడు కాబట్టి ఓటు లేదు. గ్లాస్గోలో ఉంటున్న నా ఫ్రెండ్ వర్క్ వీసా మీద వచ్చినవాడు, ఇండియన్ పాస్‌పోర్టు, అయినా ఓటుంది! ఎందుకంటే రూల్ పుట్టుక మీద కాదు, నివాసం మీద పెట్టారు. స్కాట్లాండ్‌లో ఉంటున్న బ్రిటిష్ వాళ్ళు, కామన్వెల్త్ దేశాల వాళ్ళు, యూరోపియన్ యూనియన్ (ఈయూ) వాళ్ళు అందరూ వెయ్యొచ్చు, పైగా 16 ఏళ్ళు నిండితే చాలు. పెర్త్ అతను నేను బయల్దేరే ముందు రోజు "నువ్వు వెళ్ళి చూసిరా, నాకు మాత్రం అడిగే హక్కు కూడా లేనట్టుంది" అన్నాడు, గొంతులో బాధ తెలుస్తూనే ఉంది. నాకైతే నివాసం మీద పెట్టడమే న్యాయం అనిపించింది, రేపు ఏం జరిగినా అక్కడ బతికేది వాళ్ళే కదా. కానీ అతని మొహం చూశాక ఆ మాట పైకి అనలేకపోయా.

ఎడిన్‌బరాలో లీత్ వైపు ఒక పెద్దావిడ ఇంట్లో దిగా. రిటైర్డ్ టీచర్, భర్త పోయాడు, పైన రెండు గదులు అద్దెకిస్తుంది. ఆ వీధిలో కిటికీలు చూసుకుంటూ నడిస్తేనే సగం విషయం తెలిసిపోయేది, ఒకే బిల్డింగ్‌లో పై అంతస్తు కిటికీకి నీలం రంగు యెస్ పోస్టరు, అంటే విడిపోదాం, కింద కిటికీకి నో థాంక్స్, అంటే కలిసుందాం. ఈవిడ కిటికీకి ఏమీ లేదు. పొద్దున టిఫిన్ పెడుతుంటే చూశా, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక పాత కవరు, దాని వెనక పెన్సిల్‌తో నిలువు గీత కొట్టి రెండు వైపులా రాసుకుంది. ఒక వైపు పెన్షన్, పౌండు, మాంచెస్టర్‌లో కొడుకు, ఈయూ. ఇంకో వైపు హాస్పిటల్, అణు సబ్‌మెరైన్లు, మనవరాలు, చివర్లో "లండన్ మనం ఓటెయ్యని వాళ్ళ చేతిలో ఉంది" అని ఒక పొడుగు లైను. కొన్ని మాటలు కొట్టేసి మళ్ళీ రాసింది. పెన్షన్ అనే మాట అయితే కొట్టేసి రాసి కొట్టేసి కాయితం చిరిగిపోయేలా ఉంది.

ఆ పొడుగు లైను గురించి అడిగితే ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. అప్పట్లో స్కాట్లాండ్ నుంచి వెస్ట్‌మినిస్టర్‌కి, అంటే లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటుకి, 59 మంది ఎంపీలు వెళ్ళేవాళ్ళు, అందులో కన్జర్వేటివ్ పార్టీ ఎంపీ అప్పటికి ఒక్కడంటే ఒక్కడు, అయినా ప్రైమ్ మినిస్టర్ ఆ పార్టీ డేవిడ్ కామెరాన్. అదే పార్టీ థాచర్ ప్రైమ్ మినిస్టర్‌గా ఉన్న టైంలో మనిషికింత అని వేసే పోల్ టాక్స్ ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే 1989లో ఇక్కడ మొదలెట్టారు, మా పెద్దావిడ అది ఇంకా మర్చిపోలేదు. "మరి యెస్ వేసెయ్యొచ్చుగా" అన్నా. "ఈయూలో ఉంటామో లేదో ఎవరూ గట్టిగా చెప్పట్లేదు బాబూ, విడిపోతే మళ్ళీ అప్లై చేసుకోవాలంటున్నారు, నో వేస్తే ఈయూలో ఉన్నట్టే అంటున్నారు" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

పౌండు గొడవ కూడా అక్కడే అర్థమైంది. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చేస్తాయి, బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, క్లైడ్స్‌డేల్ బ్యాంక్, కానీ వాటి వెనక ఉన్న పౌండు మాత్రం బ్రిటన్ అంతటిదీ ఒకటే. విడిపోయినా ఆ పౌండునే కలిసి వాడుకుందాం అన్నాడు స్కాట్లాండ్ ప్రభుత్వానికి పెద్ద అయిన ఫస్ట్ మినిస్టర్, యెస్ వైపు లీడర్ అలెక్స్ సామండ్. కుదరదు అని ఫిబ్రవరిలో ఎడిన్‌బరాకే వచ్చి చెప్పేశాడు బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్, లేబర్ వాళ్ళు లిబరల్ డెమొక్రాట్లు కూడా అదే పాట. ఆగస్టులో టీవీ డిబేట్‌లో నో వైపు లీడర్ ఆలిస్టర్ డార్లింగ్ నీ రెండో ప్లాను ఏంటి అని సామండ్‌ని పట్టుకుని వదల్లేదు. ఆవిడ మాత్రం "వాళ్ళు బెదిరిస్తున్నారో నిజం చెప్తున్నారో తెలిస్తే నా పని అయిపోయేది" అంది. ఆ వారమంతా నేను విన్న మాటల్లో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. కాయితం మీద కనిపించేవన్నీ లెక్కలే, కానీ ఆ లెక్కలకి కావాల్సిన అంకెలు ఎవరి దగ్గరా లేవు, అందుకని చివరికి ప్రతి ఒక్కరూ ఎవర్ని నమ్మాలి అనే దగ్గరికే వచ్చి ఆగుతున్నారు.

గ్లాస్గో వెళ్ళేసరికి ఊరంతా వేరే గాలి. బుకానన్ స్ట్రీట్ మెట్ల మీద జెండాలు, గిటార్లు, పిల్లలు, జార్జ్ స్క్వేర్‌లో అర్ధరాత్రి దాకా జనం. కానీ నా ఫ్రెండ్ ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. వాడు యెస్, వాడి భార్య నో. వాడి వాదన, ఇక్కడి ప్రభుత్వం మందుల చీటీకి డబ్బులు తీసుకోదు, ఇక్కడి పిల్లలకి యూనివర్సిటీ ఫీజు లేదు, ఇవన్నీ నిలబడాలంటే మన పన్నులు మన చేతిలో ఉండాలి, వలస వచ్చినవాళ్ళని కూడా ఇక్కడ కావాలనుకుంటున్నారు. వాడి భార్య ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేస్తుంది. "అన్నయ్యా, మా కస్టమర్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఇంగ్లండ్ వాళ్ళే, రేపు ఆఫీసు అటు వెళ్ళిపోతే ఈయనగారి స్వాతంత్ర్యం మా ఇంటి ఈఎంఐ కడుతుందా" అంది. ఆ వారమే రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్, లాయిడ్స్ కూడా యెస్ గెలిస్తే రిజిస్టర్డ్ ఆఫీసు ఇంగ్లండ్‌కి మార్చుకుంటాం అని ప్రకటించాయి, ఇక ఆ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఎవరూ వాటి పేరెత్తకుండా తిన్నాం. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఇంత సీరియస్‌గా మాట్లాడుకోగా నేను చూళ్ళేదు. ఒకళ్ళని ఒకళ్ళు ఎగతాళి చేసుకోలేదు, అదే నాకు చాలా నచ్చింది.

గోవన్ వెళ్ళా ఒక మధ్యాహ్నం. క్లైడ్ నది ఒడ్డున షిప్‌యార్డ్, యుద్ధనౌకలు కడతారు. బయట టీ కొట్టు దగ్గర యాభై దాటిన వెల్డర్ ఒకాయన, కుడి చేతి మీద నిప్పురవ్వల మచ్చలు వరసగా ఉన్నాయి, మాట్లాడుతుంటే వాటినే రుద్దుకుంటున్నాడు. గుండె యెస్ అంటోంది అన్నాడు. కానీ రాయల్ నేవీ తన ఓడల్ని పరాయి దేశంలో కట్టించుకుంటుందా, ఈ యార్డ్‌లో ఎంతమంది కడుపులు ఆ ఆర్డర్ల మీద ఉన్నాయి అని తనే అడిగాడు. ఆయన కొడుకు యెస్ బ్యాడ్జి పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడట. "వాడికి ఇంకా యాభై ఏళ్ళ బతుకుంది, నాకు పదేళ్ళ ఉద్యోగం ఉంది, ఇద్దరం ఒకే పెట్టెలో వెయ్యాలి." ఎవరికి వేస్తావని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

హెలెన్స్‌బరా వైపు కూడా వెళ్ళొచ్చా, ట్రైడెంట్ అణు సబ్‌మెరైన్లు ఉండే ఫాస్లేన్ బేస్ అక్కడికి దగ్గరే. ముళ్ళకంచె, దాని పక్కనే 1982 నుంచి అణ్వాయుధాలకి వ్యతిరేకంగా నడుస్తున్న శిబిరం, రంగులు పూసిన పాత కారవాన్లు. విడిపోతే సబ్‌మెరైన్లు పోతాయి అన్నది యెస్ వాళ్ళ పెద్ద హామీ. ఊళ్ళో బేకరీ ఆవిడకి మాత్రం అదే భయం, బేస్ పోతే నా రొట్టెలు ఎవరు కొంటారు అంటుంది.

అప్పటికే ప్రచారం రెండు వైపులా పిచ్చి స్పీడు అందుకుంది. సెప్టెంబర్ 7న ఒక సర్వేలో యెస్ 51, నో 49 అని వచ్చింది, దాంతో లండన్ లీడర్లంతా పరిగెత్తుకొచ్చారు. 16న కామెరాన్, లేబర్ లీడర్ మిలిబాండ్, లిబరల్ డెమొక్రాట్ల లీడర్ క్లెగ్ ముగ్గురూ సంతకాలు పెట్టి, నో వేస్తే కొన్ని విషయాల మీదే అధికారమున్న స్కాటిష్ పార్లమెంటుకి ఇంకా అధికారాలిస్తాం అని డైలీ రికార్డ్ పేపర్ మొదటి పేజీలో మాటిచ్చారు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎప్పట్నుంచో ఇవ్వగలిగినదాన్ని ఓటుకి రెండు రోజుల ముందు ఇస్తామంటే, అప్పటికే పోస్టులో ఓటేసేసిన లక్షలమంది ఏమైపోవాలి?

పోలింగ్ రోజు ఫ్రెండ్ వాళ్ళతో స్కూల్ దాకా వెళ్ళి బయటే నిలబడ్డా. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా ఓటింగ్. యూనిఫాం టై కట్టుకున్న ఒక అమ్మాయి తాతగారి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది, 16, 17 ఏళ్ళ వాళ్ళే లక్షకు పైగా రిజిస్టరయ్యారు మరి. తాతగారి కోటుకి నో, ఆ అమ్మాయి బ్యాగుకి యెస్. బయటికొచ్చాక ఆ అమ్మాయిని అడిగితే స్కూల్లో ఏడాదిగా డిబేట్లు పెట్టారని, ప్రభుత్వం వేసిన ఆరొందల పేజీల పైన పుస్తకంలో పెన్షన్ల చాప్టరు తాతయ్య కోసం చదివి వినిపించానని చెప్పింది. "ఆయన మారలేదు, కానీ మొత్తం విన్నాడు."

రాత్రంతా టీవీ ముందే. మొదట క్లాక్‌మనన్‌షైర్ ఫలితం వచ్చింది, నో. ఫ్రెండ్ భార్య ఏమీ అనకుండా టీ పెట్టుకొచ్చింది. గ్లాస్గో, డండీ యెస్ అన్నాయి, మొత్తం 32 కౌన్సిల్ ప్రాంతాల్లో యెస్ అన్నవి నాలుగే. చివరికి నో 55.3 శాతం, యెస్ 44.7, ఓటేసినవాళ్ళు 84.6 శాతం. శుక్రవారమే సామండ్ రాజీనామా చేస్తానన్నాడు. మా వాడు ఆ రోజు ఆఫీసుకి వెళ్ళలేదు. నో గెలిచినా వాడి భార్య కూడా సంతోషంగా లేదు, వెళ్ళేటప్పుడు "ఆయన్ని కాసేపు బయటికి తీసుకెళ్ళు అన్నయ్యా" అంది. ఇద్దరం క్లైడ్ ఒడ్డున చాలాసేపు నడిచాం, ఓడిపోయిందాని గురించి కాదు, ఇరవై లక్షలమంది నో అన్నాక పక్కింటివాళ్ళతో ఎలా మాట్లాడాలి అన్నదే వాడి బెంగ.

2016లో బ్రిటన్ మొత్తానికి ఇంకో రిఫరెండం పెట్టారు, ఈయూలో ఉండాలా అని. స్కాట్లాండ్ 62 శాతం ఉందాం అంది, మొత్తం బ్రిటన్ 51.9 శాతం వెళ్ళిపోదాం అంది, స్కాట్లాండ్ కూడా బయటికొచ్చేసింది. లీత్ పెద్దావిడకి మెయిల్ రాశా, ఎందుకంటే ఆవిడ నో వేసింది ఆ ఈయూ కోసమే. జవాబు పెద్దగానే రాసింది. ఏ కారణంతో నో వేశానో అది పోయింది, చాలా కోపంగా ఉంది అంది. అలాగని మళ్ళీ అడిగితే యెస్ అంటానని మాత్రం రాయలేదు. ఇప్పుడు విడిపోయి ఈయూలో చేరితే కొడుకుండే ఇంగ్లండ్‌కీ తనకీ మధ్య నిజంగానే బోర్డరు చెక్‌లు వస్తాయేమో, 2014లో ఆ ఆలోచనే లేదు అంది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు, వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోకుండా స్కాటిష్ పార్లమెంటు ఇంకో రిఫరెండం పెట్టలేదు అని తీర్పిచ్చింది. అప్పుడు ఆవిడ రాసిన మెయిల్లో ఒకటే లైను, నో వేసినదాన్నే అయినా, మమ్మల్ని మళ్ళీ అడగాలా వద్దా అన్నది తేల్చాల్సింది లండన్ వాళ్ళు కాదు, మేమే నిర్ణయించుకోవాలి అని.